మిషన్‌లో ఆట, స్నేహం: వారానికి ఒక్కపూట ఆడేవాళ్ల కోసం

మిషన్‌కు (సంఘం తరఫున ఇంటికి దూరంగా చేసే మతప్రచార సేవకు) పిలుపు అందుకున్నవాళ్లలో ఆటంటే ప్రాణంపెట్టేవాళ్లు మొదట అడిగేది "అక్కడ ఆడనిస్తారా?" అని. ఆడనిస్తారు. కాకపోతే ఇన్నాళ్లూ ఆడిన ఆటకూ దానికీ తేడా ఉంటుంది. జట్టును మీరు ఎంచుకోరు. సమయం మీ చేతిలో ఉండదు. ఎదురుగా నిలబడ్డవాడు కాలేజీ జట్టు కెప్టెనో, జన్మలో బంతి ముట్టనివాడో ముందుగా తెలీదు. ఆట అయ్యాక ఎవరిదారిన వాళ్లు పోయే వీలూ లేదు. గొడవపడిన మనిషితోనే ఆ రాత్రి ఒకే గదిలో పడుకోవాలి, మర్నాడు పొద్దున అతని పక్కనే నిలబడి ఎవరిదో తలుపు తట్టాలి. అందుకని మిషన్‌లో ఆటకు పెట్టుకునే ప్రతి నియమాన్నీ రెండు ప్రశ్నలతో తూచాలి: దీనివల్ల ఎవరైనా కుంటుతారా? ఎవరైనా అలుగుతారా?

ఇక్కడ ఎక్కువగా కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం (మోర్మన్లుగా ఎక్కువమందికి తెలిసినవాళ్లు) మిషన్ పద్ధతినే లెక్కలోకి తీసుకున్నాం. అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు పద్దెనిమిది నెలలు, ఎప్పుడూ ఒక సహచరుడితో ఇద్దరిద్దరుగా ఉండటం, సొంత పనులకూ ఆటకూ వారానికి ఒక ప్రిపరేషన్ డే అంటూ అందులో అన్నీ గట్టిగా నిర్ణయించి ఉంటాయి. వేరే సంస్థల తరఫున సేవకు వెళ్లేవాళ్లు గంటలు మార్చుకుంటే చాలు, మిగతాది దాదాపు ఇంతే.

ముందు నియమాలు తెలుసుకోండి

ఒళ్లూ ఒళ్లూ తగిలే ఆటలు, నీళ్లలో ఆడేవి, మంచుమీద ఆడేవి, కొండలెక్కడం, గుర్రపుస్వారీ, మోటార్‌సైకిళ్లు ఈ మిషన్లలో నిషిద్ధం. ఈత కూడా అంతే. ఎంత బాగా ఈదగలిగినా మినహాయింపు ఉండదు. బాస్కెట్‌బాల్‌ను చాలాచోట్ల సగం కోర్టులోనే ఆడనిస్తారు. బయటి లీగుల్లో, టోర్నమెంట్లలో పేరు ఇవ్వకూడదు. వీటికి తోడు మీ మిషన్ ప్రెసిడెంట్ (ఆ ప్రాంతపు మిషనరీలందరికీ పెద్ద) ఇంకొన్ని కలిపి ఉండొచ్చు: ఫలానా మైదానానికి వెళ్లొద్దని, జోన్ (దగ్గరదగ్గర ఊళ్ల మిషనరీల పెద్ద బృందం) మొత్తం కలిసి ఆడాలంటే ముందుగా అడగాలని. చేరిన మొదటి వారంలోనే మీ డిస్ట్రిక్ట్ లీడర్‌ని (మీ చిన్న బృందం నాయకుణ్ని) సూటిగా అడగండి. "ఇక్కడ ఏం ఆడుతున్నారు?" అంటే అలవాటు చెప్తాడు. "ఏం ఆడొచ్చు?" అంటే నియమం చెప్తాడు. ఈ రెండూ ఒకటే అయి ఉండాలని లేదు.

సగం కోర్టు నియమం చూసి మూతి ముడుచుకునేవాళ్లు ఎక్కువ. కానీ అది ఉన్నదే మీకోసం. పూర్తి కోర్టులో ఎదురుదాడికి పరుగెత్తేటప్పుడు వేగం పెరుగుతుంది, ఆ వేగంలో ఢీకొంటే దెబ్బ పెద్దది. పైగా వారంలో ఆరు రోజులు నడకా సైకిలూ తప్ప వేరే సాధన లేని కాళ్లు, ఏడోరోజు ఒక్కసారిగా పరిగెత్తి, ఆగి, పక్కకు తిరగమంటే మాట వినవు.

ఏ ఆటో తేల్చుకోలేకపోతే మధ్యలో వల ఉన్న ఆటవైపు మొగ్గండి. బాస్కెట్‌బాల్, వాలీబాల్ రెండూ వైఎంసీఏలో (యువకుల క్రైస్తవ సంఘంలో) పుట్టినవే. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ చలికాలంలో గదిలోపల ఆడటానికి బాస్కెట్‌బాల్ తయారుచేశాడు. బంతి పట్టుకుని పరుగెత్తకూడదన్న నియమం పెట్టింది, ఒకరినొకరు పడగొట్టుకోకుండా ఉండటానికే. నాలుగేళ్ల తర్వాత, 1895లో విలియం మోర్గన్ అంతకన్నా నెమ్మదైన ఆట కోసం వెతికి, మధ్యలో వల కట్టి వాలీబాల్ పుట్టించాడు. ఇన్నేళ్లయినా లెక్క మారలేదు. వల ఉన్నచోట దెబ్బలూ తక్కువ, "నన్ను తోశాడు" అనే మాటా తక్కువ.

పెట్టెలో ఏం పెట్టుకోవాలి

ఆటకు విడిగా ఒక జత బూట్లు తప్పనిసరి. రోజూ నడిచే బూట్లతో ఆడితే అడుగు జారుతుంది, ఆ బూట్లూ మూణ్ణెల్లకే పాడవుతాయి. అడుగు నేలమీద నల్లగీతలు పడనివ్వని రకం తీసుకోండి, ఎందుకంటే చాలాసార్లు మీరు ఆడేది సంఘ భవనంలోని హాలులోనే. పరుగు బూట్లు కోర్టు ఆటలకు పనికిరావు. వాటి మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, పక్కకు తిరిగినప్పుడు పాదం మడతపడుతుంది.

వీటితోపాటు:

- క్రేప్ బ్యాండేజీ ఒకటి, 10 సెంటీమీటర్ల వెడల్పుది. అతుక్కునే స్పోర్ట్స్ టేపు ఒక చుట్ట
- ఇదివరకే బెణికిన చీలమండ ఉంటే దానికి లేసులు కట్టే బ్రేస్
- చేతిపంపు, రెండు సూదులు (ఒకటి ఎలాగూ విరుగుతుంది)
- గాలి తీసేసిన బంతి ఒకటి
- స్కిప్పింగ్ తాడు, 175 గ్రాముల ఫ్రిస్బీ (విసిరి ఆడే ప్లాస్టిక్ పళ్లెం)

బంతి సైజు చూసి కొనండి. బాస్కెట్‌బాల్‌లో అబ్బాయిలు ఆడేది 7, అమ్మాయిలది 6. కలిసి ఆడేచోట 6 పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ఫుట్‌బాల్, వాలీబాల్ రెండింటికీ 5. అంకె ఒకటే అయినా బంతులు వేరు. ఫుట్‌బాల్ బరువు 410 నుంచి 450 గ్రాములు, వాలీబాల్ 260 నుంచి 280. ఫుట్‌బాల్‌తో వాలీబాల్ ఆడితే పది నిమిషాల్లో ముంజేతులు ఎర్రబడి వాస్తాయి. గాలి చూడటానికి మీటరు అక్కర్లేదు. బాస్కెట్‌బాల్‌ని భుజం ఎత్తునుంచి వదిలితే నడుము దాకా లేవాలి. ఛాతీ దాకా లేస్తే గాలి ఎక్కువైనట్టు. అలాంటి బంతితోనే వేళ్లు బెణుకుతాయి.

రోజూ అరగంట

పొద్దున 6:30కి లేవడం, ఆ వెంటనే అరగంట వ్యాయామం. చాలా మిషన్లలో సమయపట్టిక ఇదే. ఆటగాళ్లు ఈ అరగంటను చిన్నచూపు చూసి, ప్రిపరేషన్ డే నాడు వారమంతటి ఆకలీ తీర్చుకోబోయి దెబ్బ తగిలించుకుంటారు. నిజానికి ఆ రోజు ఆట ఎలా సాగాలో ఈ అరగంటే నిర్ణయిస్తుంది.

వారంలో మూడు రోజులు బలానికి, రెండు రోజులు ఊపిరికి, మిగతావి ఒళ్లు సాగదీయడానికి కేటాయించండి. బలం రోజున నాలుగు నిమిషాలు ఒళ్లు వేడెక్కించాక ఆరు వ్యాయామాలు చేయాలి: గుంజీళ్లలా కిందికి కూర్చుని లేవడం, పుషప్‌లు, వెల్లకిలా పడుకుని ఒంటికాలిమీద నడుము ఎత్తడం, ముందుకు వంగి బ్యాగును పొట్టవైపు లాగడం, ప్లాంక్, మునివేళ్లమీద లేవడం. ఒక్కోటి 40 సెకన్లు, మధ్యలో 20 సెకన్లు విరామం. మూడు చుట్లు తిరిగితే 18 నిమిషాలు. బరువు కావాలంటే బ్యాగులో నీళ్ల సీసాలు పెట్టుకోండి. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఐదు కిలోలతో మొదలుపెట్టి, మూడు చుట్లూ తేలిగ్గా సాగిన వారమే ఇంకో లీటరు కలపండి.

ఎన్నిసార్లో లెక్కపెట్టకుండా సెకన్లలో చేయమనడానికి కారణముంది. ఒకరు ముప్పై పుషప్‌లు తీస్తారు, ఇంకొకరు ఎనిమిది. అంకె పెట్టుకుంటే మొదటివాడు ఎదురుచూస్తూ నిలబడతాడు, రెండోవాడు సిగ్గుపడి వారం తిరక్కుండా మానేస్తాడు. సమయం పెట్టుకుంటే ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఒకేసారి ఆపుతారు. పరుగుకూ ఇదే లెక్క. సహచరుడు ఎప్పుడూ కంటికి కనిపించేంత, మాట వినిపించేంత దూరంలోనే ఉండాలన్నది నియమం, కాబట్టి వేగంగా పరుగెత్తేవాళ్లు ముందుకు వెళ్లిపోకూడదు. వాళ్లు ముందుకు వంద అడుగులు పరుగెత్తి, వెనక్కి వచ్చి కలుసుకుని, మళ్లీ ముందుకు వెళ్లాలి. ఒకరికి గట్టి సాధన, ఇంకొకరికి నిమ్మళమైన పరుగు, ఇద్దరూ కలిసే ఇంటికి వస్తారు.

పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలిమీద నిలబడండి. కాలికి ముప్పై సెకన్లు. కుదిరాక కళ్లు మూసుకుని. చూడటానికి నవ్వులాటగా ఉన్నా, చీలమండ బెణకకుండా కాపాడే సాధనల్లో ఇది ముందువరసలో ఉంటుంది.

ఇంకోమాట. పైఅంతస్తులో ఉంటే పొద్దున 6:30కి స్కిప్పింగ్ పనికిరాదు. కింద నిద్రపోయేవాళ్లకు అది నెత్తిమీద సుత్తి. ఆ వీధిలో మీకు మొదటి చెడ్డపేరు అక్కణ్నుంచే వస్తుంది. తాడు పట్టుకుని కిందికి దిగండి.

ప్రిపరేషన్ డే నాడు గంటల లెక్క

ఆ రోజు సాయంత్రం 6కి ముగుస్తుంది. బట్టలు ఉతకడం, సరుకులు, ఇల్లు శుభ్రం, ఇంటికి ఫోనో ఉత్తరమో అన్నీ అందులోనే. 2019 ఫిబ్రవరి నుంచి వారం వారం ఇంటివాళ్లతో ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడే అనుమతి వచ్చాక ఆ గంట ఇంకా విలువైనది. ఆటను ముందు పెట్టుకుంటే మిగతావన్నీ దాటిపోతాయి. "ఇంకో గేమ్" అన్నమాట ఎవరూ ఒక్కసారితో ఆపరు. బట్టలు తడిపి, సరుకులు తెచ్చి, ఇంటికి మాట్లాడేశాక మైదానానికి వెళ్లండి. 3 గంటలకు మొదలుపెట్టి 4:30కి ఆపితే స్నానానికీ తిండికీ సమయం మిగులుతుంది.

ఆడే సమయం 75 నిమిషాలు అనుకుంటే: పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం, ఎనిమిదేసి నిమిషాల గేములు ఐదు, ఒక్కోదాని తర్వాత మూడు నిమిషాలు నీళ్లు, చివర పది నిమిషాలు నడకా సాగదీతా. గేమును పాయింట్లతో కాక గడియారంతో ముగించండి. "పదకొండు కొట్టినవాళ్లు గెలిచినట్టు" అంటే ఒక్కోసారి పది-పది దగ్గర పావుగంట గడుస్తుంది, పళ్లు కొరకడం మొదలయ్యేదీ అక్కడే. ఫోన్‌లో ఎనిమిది నిమిషాల అలారం ఎవరి మాటా వినదు, ఎవరి పక్షమూ వహించదు.

ఉపవాస ఆదివారం మర్నాడే ప్రిపరేషన్ డే వచ్చినప్పుడు ఆటకు ముందు నీళ్లు బాగా తాగండి. మూత్రం లేతపసుపులో ఉంటే సరిపోయినట్టు. ముదురుగా ఉంటే ఒక గేము తగ్గించుకోండి.

ఎంతమంది ఉంటే ఏ ఆట

ఇద్దరే ఉన్నప్పుడు ఎదురెదురు పోటీ వద్దు. ప్రతివారం ఒకరే గెలుస్తారు, ఇంకొకరికి నాలుగో వారానికల్లా తలనొప్పి వస్తుంది. దానికి బదులు ఒకరు వేసిన షాట్‌ని రెండోవాళ్లు అచ్చం అలాగే వేసే ఆట ఆడండి. ఐదుసార్లు తప్పితే కొత్త ఆట. ఒంటిచేత్తో, వెనక్కి తిరిగి, కూర్చుని, ఏ చిత్రమైన షాటైనా చెల్లుతుంది కాబట్టి నైపుణ్యం లేనివాళ్లకూ అదృష్టం కలిసొస్తుంది. కలిసి ఒకే లెక్క సాధించడం ఇంకా మంచిది: వలమీదుగా షటిల్ కిందపడకుండా ఇద్దరూ కలిపి వంద కొట్టడం లాంటిది.

ఆరుగురు ఉంటే సగం కోర్టులో ముగ్గురు ముగ్గురు. ఇక్కడ మూడు నియమాలు రాజీలేకుండా పాటించండి. షాట్ వేయడానికి ఎగిరినవాడు దిగే చోట ఎవరూ కాలు పెట్టకూడదు. బాస్కెట్‌బాల్‌లో చీలమండలు ఎక్కువగా బెణికేది ఇంకొకరి పాదంమీద దిగినప్పుడే. వెనకనుంచి వచ్చి బంతిని ఆపబోకూడదు. బాస్కెట్ వెనక గోడ మూడు మీటర్లకన్నా దగ్గరగా ఉంటే పరుగుమీద లేఅప్ (బాస్కెట్ దగ్గరిదాకా వెళ్లి ఎగిరి వేసే షాట్) వేయకూడదు. సంఘ భవనాల హాళ్లలో గోడ, పేర్చిన కుర్చీలు, పియానో అన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆడేముందు కుర్చీలు ఒకేవైపుకు జరిపి, నేలమీద దుమ్మును తడిబట్టతో తుడవండి. జారిపడటానికి చెమటకన్నా దుమ్మే పెద్ద కారణం.

వాలీబాల్‌కు వల ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24. సరదా ఆటలో 2.24 దగ్గర కడితే అందరికీ అందుతుంది. వల లేకపోతే రెండు చెట్లకు తాడు కట్టి, అడుగుకొక గుడ్డపీలిక వేలాడదీయండి, లేకపోతే బంతి పైనుంచి పోయిందా కిందనుంచి పోయిందా అనే వాదన తెగదు. కొత్తవాళ్లుంటే ఒకసారి నేలమీద పడ్డాక ఎత్తినా చెల్లుతుందనండి. బంతి అవతలికి వెళ్లేముందు కనీసం ఇద్దరు ముట్టుకోవాలనండి. ఈ రెండో నియమంతో ఒక్కడే ఆడేసే జబ్బు పోతుంది. మధ్యగీత దాటి అడుగు వేస్తే పాయింటు పోయినట్టే. ఇక్కడ కూడా చీలమండలే కారణం.

ఫుట్‌బాల్ అయితే మీటరు వెడల్పు గోలు, గోల్‌కీపర్ లేకుండా, జారుతూ కాలు వేయడం నిషిద్ధం, బంతి నడుము దాటి లేవకూడదు. బాగా ఆడేవాళ్లకు రెండే టచ్‌లు, మూడోసారి ముట్టుకుంటే బంతి అవతలివాళ్లది. ఈ ఒక్క నియమమే ఆటలో తేడాను సగం తగ్గిస్తుంది. వాళ్లకూ విసుగు రాదు, కొత్త సవాలు దొరుకుతుంది.

క్రికెట్ ఆడాలంటే టెన్నిస్ బంతే, తోలుబంతి వద్దు. ఆరుగురికి జతల పద్ధతి చక్కగా సరిపోతుంది. జతకు నాలుగు ఓవర్లు, అవుటైనా బ్యాటు వదలక్కర్లేదు, ప్రతి అవుటుకూ మూడు పరుగులు కోత. మొదటి బంతికే అవుటై చెట్టుకింద కూర్చునే బాధ ఎవరికీ ఉండదు. బౌలింగ్ కూడా అందరికీ వస్తుంది. ఖాళీ మైదానం పెద్దదైతే ఫ్రిస్బీతో అల్టిమేట్ (జట్టువాళ్లకు అందిస్తూ ఫ్రిస్బీని అవతలి చివరకు చేర్చే ఆట) ఆడండి. ఫ్రిస్బీ చేతిలో ఉండగా పరుగెత్తకూడదు, పది లెక్కపెట్టేలోపు విసరాలి, కాపలా కాసేవాళ్లు చేయిచాచినంత దూరంలో ఉండాలి. ఇందులో అంపైర్ ఉండడు, తప్పును ఆటగాళ్లే ఒప్పుకుంటారు. మిషన్‌కు ఇంతకన్నా తగిన ఆట లేదని మా అభిప్రాయం, పైగా అందరూ కొత్తవాళ్లే కావడంతో మొదటిరోజే సమానం.

జట్లు ఎలా విడగొట్టాలన్నది చిన్న విషయం కాదు. ఇద్దరు నాయకులు ఒక్కొక్కరినీ పిలుచుకునే పద్ధతిలో ఎప్పుడూ చివర మిగిలే మనిషి ఒకరు ఉంటారు, ఆ మనిషి తర్వాతి బదిలీ దాకా ఆరువారాలు మీతోనే ఉంటారు. చీటీలు తీయండి, ప్రతి గేముకూ ఒకరిని అటూఇటూ మార్చండి. కొత్త సహచరుడు వచ్చిన మొదటి రెండు వారాలు ఇద్దరూ ఒకే జట్టులో ఆడండి, తర్వాత ఎదురుగా ఆడినా ఫర్వాలేదు. గేము స్కోరు గేముతోనే పోవాలి. వారాల తరబడి పట్టిక రాసి గోడకు అంటించడం మొదలైతే ఆట పాడైనట్టే.

కోపం వచ్చినప్పుడు

వస్తుంది. ఇంటికి దూరంగా, నిద్ర చాలక, వారమంతా ముఖంమీద తలుపులు వేయించుకున్న కుర్రాళ్లకు ఉక్రోషం తీర్చుకోవడానికి దొరికే ఒకేఒక్క చోటు ఆట. ఫౌలు పిలిచే పద్ధతి ముందే తేల్చుకోండి: తగిలించినవాడే చేయెత్తాలి. తగిలిందా లేదా అని వాదన వస్తే ఆ బంతి మళ్లీ ఆడాలి, కారణాలు అడగకూడదు. ఒకే గేములో రెండోసారి వాదన వస్తే గేము అక్కడితో సరి, నీళ్లు తాగి జట్లు మార్చుకోవాలి. గొంతు పెంచినవాళ్లు ఒక గేము కూర్చోవాలి. ఈ నియమం జోన్ లీడర్‌కు కూడా వర్తిస్తేనే నిలబడుతుంది. క్షమాపణ చెప్పాల్సి వస్తే బూట్లు విప్పకముందే, మైదానంలోనే చెప్పేయాలి. ఇంటికి తీసుకెళ్తే అది గిన్నెలు ఎవరు కడగాలన్న గొడవగా మారి బయటికొస్తుంది.

వీలైతే వారానికొకరు ఆడకుండా అంపైరుగా నిలబడండి. స్కాట్లాండ్ పరుగు వీరుడు ఎరిక్ లిడెల్ సంగతి ఆటలూ మిషనూ రెండూ తెలిసినవాళ్లందరికీ తెలుసు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో తొలి పోటీలు ఆదివారం పడ్డాయని 100 మీటర్ల పరుగును వదులుకుని, 400 మీటర్లు 47.6 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడాదే మిషనరీగా చైనా వెళ్లాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అక్కడి వైషియెన్ నిర్బంధ శిబిరంలో పిల్లలకు ఆటలు నిర్వహించేవాడు. అక్కడా మొదట ఆదివారం ఆటకు దూరంగానే ఉన్నాడు. కానీ చూసుకునే పెద్దదిక్కు లేక పిల్లలు హాకీలో కొట్టుకోవడంతో, తర్వాతి ఆదివారం తనే వెళ్లి రిఫరీగా నిలబడ్డాడు. తన నియమంకన్నా ఆ పిల్లలు కొట్టుకోకుండా ఉండటమే ఆయనకు ముఖ్యమనిపించింది. మీరు ఆదివారాలు ఆడమని కాదు దీని అర్థం. మంచి రిఫరీ ఒకడుంటే ఆట ఎంత మారుతుందో చూడమని.

సహచరుడికి ఆటంటే ఇష్టం లేకపోతే

అతన్ని ఇంట్లో వదిలి మీరు మైదానానికి వెళ్లే వీల్లేదు. అంటే అతని ప్రిపరేషన్ డే కూడా మీ చేతిలో ఉందన్నమాట. అది మర్చిపోయి ప్రతివారం గట్టుమీద కూర్చోబెట్టడమే మిషన్లలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు. వారం ప్రణాళిక వేసుకునేటప్పుడే కాగితం మీద గంటలు పంచుకోండి: గంటన్నర ఆటకైతే, గంటన్నర అతను కోరినదానికి. అది మ్యూజియమైనా, చదరంగమైనా, ఊరికే నిద్రైనా మాట్లాడకుండా వెళ్లాలి, వెళ్లి గడియారం చూడకూడదు.

స్కోరు రాయమనడం మర్యాదగా కనిపిస్తుంది గానీ అది "నువ్వు ఆటకు పనికిరావు" అని చెప్పినట్టే. ఎందుకు వద్దంటున్నాడో కనుక్కోండి. బడిలో ఎగతాళి చేశారా, ఉబ్బసమా, మోకాలు నొప్పా? ఉబ్బసమైతే డాక్టరు చెప్పినట్టు ఆటకు ముందే ఇన్‌హేలర్ వాడి, ఒళ్లు నెమ్మదిగా వేడెక్కించుకుంటే చాలామంది హాయిగా ఆడగలరు. సిగ్గే కారణమైతే పదిమంది ముందు నేర్పకండి. ఇద్దరే ఉన్నప్పుడు పొద్దున పది నిమిషాలు ఫ్రిస్బీ విసురుకోవడంతో మొదలుపెట్టండి. అప్పటికీ వద్దంటే వద్దనే.

ఊరివాళ్లతో ఆడటం

స్నేహం కుదిరేది క్రమం వల్ల. ఒకే మైదానం, ఒకే రోజు, ఒకే వేళ. మొదటిసారి వెళ్లినప్పుడు గీత బయట నిలబడి ఒక ఆట పూర్తిగా చూడండి, అక్కడి నియమాలు అర్థమవుతాయి. ఆట ఆగాక పెద్దరికం ఎవరిదో గమనించి వాళ్లనే అడగండి. చోటిచ్చినప్పుడు మొదటి పది నిమిషాలు బంతి దాచుకోకుండా అందించండి. బాగా ఆడతారన్న పేరుకన్నా బాగా అందిస్తారన్న పేరు మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఆ ఊరి భాష నేర్చుకుంటున్నవాళ్లకు మైదానం మంచి బడి. వెళ్లేముందు ఈ మాటలు కంఠతా పట్టండి: ఇటివ్వు, నాది, వదిలెయ్, వెనక ఉన్నాడు, భలే కొట్టావ్, తప్పు నాదే, దెబ్బ తగిలిందా, ఎంత స్కోరు, మళ్లీ ఎప్పుడు. పేర్లు ఆ రాత్రే రాసుకోండి. పక్కన ఏదో ఒక గుర్తు రాయండి, ఎడమకాలితో కొడతాడనో, పాపకు పరీక్షలున్నాయన్నాడనో. వచ్చేవారం ఆ పరీక్షల గురించి అడిగితే అక్కణ్నుంచి మాటలు వాటంతటవే నడుస్తాయి.

ఆటను ఎరగా వాడకండి. మధ్యలో ఆపి బోధన మొదలుపెట్టడం, చివర్లో అందరినీ కూర్చోబెట్టి కరపత్రాలు పంచడం ఒక్కసారి చేస్తే మరుసటివారం మైదానం ఖాళీగా ఉంటుంది. అలాగని ఎవరన్నది దాచడమూ తప్పే. "మీరెవరు, ఇక్కడేం చేస్తున్నారు?" అని అడిగితే రెండు వాక్యాల్లో నిజం చెప్పి ఆటకు వెళ్లండి. కావాల్సినవాళ్లు ఆట అయ్యాక వచ్చి అడుగుతారు. అడగనివాళ్లూ స్నేహితులే.

పిల్లలు చేరితే జాగ్రత్త రెట్టింపు. తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి, పెద్దవాళ్లు కనీసం ఇద్దరు ఎదుట ఉండాలి, ఆట అందరికీ కనిపించే బహిరంగ స్థలంలోనే జరగాలి. ఒక్క పిల్లవాడితో ఒంటరిగా ఉండే పరిస్థితి రానివ్వకండి. ఫొటోలు తీయకండి.

ట్రాన్స్‌ఫర్ (వేరే చోటికి బదిలీ) కబురు వస్తే చెప్పకుండా మాయమవకండి. చివరిసారి ఆడేటప్పుడు వెళ్తున్న సంగతి చెప్పి, ఉండబోయే సహచరుణ్ని పేరుపేరునా పరిచయం చేయండి. పేర్ల కాగితం అతనికి ఇవ్వండి. బంతి కూడా అక్కడే వదిలి వెళ్లడం మంచిది.

దెబ్బ తగిలితే

ఎక్కువగా వచ్చేది చీలమండ బెణుకు. ఆట వెంటనే ఆపండి, "కాస్త నడిస్తే సర్దుకుంటుంది" అనకండి. ఐసును బట్టలో చుట్టి 15–20 నిమిషాలు పెట్టండి, చర్మానికి నేరుగా వద్దు. క్రేప్ బ్యాండేజీ వేళ్ల మొదటినుంచి పైకి, సగం సగం కప్పుతూ చుట్టాలి. వేళ్లు నీలంగా మారినా తిమ్మిరెక్కినా వదులుచేయాలి. కాలు గుండెకన్నా ఎత్తులో ఉంచాలి. నాలుగడుగులు వేయలేకపోతున్నా, చీలమండకు రెండువైపులా ఉబ్బి ఉండే ఎముకల వెనక అంచుమీద నొక్కితే నొప్పిగా ఉన్నా, పాదం బయటి అంచు మధ్యలోని ఎముకమీద నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాల్సిందే. ఇవేవీ లేకపోతే నొప్పి తగ్గుముఖం పట్టాక, రెండుమూడు రోజులకు, బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయడం మొదలుపెట్టండి. కుంటకుండా నడవగలిగి, ఆ ఒంటికాలిమీదే పదిసార్లు నొప్పిలేకుండా గెంతగలిగితే తప్ప మళ్లీ ఆడకూడదు.

మోకాలిలో "టక్" మని వినిపించి, కొన్ని గంటల్లోనే వాస్తే లిగమెంటు తెగిందేమోనని అనుమానించి డాక్టరుకు చూపించాలి. తలకు దెబ్బ తగిలి తికమకగా, వికారంగా, తలనొప్పిగా ఉంటే ఆ రోజుకు ఆట లేదు, బాగున్నానని ఎంత చెప్పినా సరే. ఎండలో ఆడుతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ. ఒంటిమీద నీళ్లు కుమ్మరించి చల్లబరుస్తూనే అంబులెన్సు పిలవాలి.

దెబ్బను దాచడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. "ఇంటికి పంపేస్తారేమో" అనే భయంతో బెణికిన కాలితో వారంరోజులు నడిచి, పది రోజుల్లో తగ్గేదాన్ని రెండు నెలలు చేసుకుంటారు. దాచిన దెబ్బే ఇంటికి పంపిస్తుంది. ఆ సాయంత్రమే మిషన్‌లో ఆరోగ్యం చూసేవాళ్లకు ఫోన్ చేయండి. వారం పాటు నడక తగ్గించుకోవాల్సి వస్తే అది సహచరుడి పనినీ మారుస్తుంది, కాబట్టి అతనికి దాచకుండా చెప్పండి.

అభిమాన జట్టు స్కోర్ల సంగతి

టీవీ ఉండదు, మ్యాచ్‌లు చూడకూడదు. ఇంటివాళ్లలో ఒకర్ని వారానికి రెండు వాక్యాలు రాయమనండి, ఎవరు గెలిచారు, ఎలా గెలిచారు. అది చాలు. ఫోన్‌లో దొంగచాటుగా చూసేవాళ్లకు స్కోరుకన్నా, పక్కనున్నవాడు గమనించాడేమోనన్న బెంగే మిగులుతుంది.

తిరిగి వెళ్లేముందు

ఆటనే వృత్తిగా అనుకున్నవాళ్లు రెండేళ్లు పోయాయని భయపడతారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు షాన్ బ్రాడ్లీ కాలేజీలో ఒక్క సీజన్ ఆడి ఆస్ట్రేలియాలో మిషన్ ముగించుకుని వచ్చాక, 1993 ఎన్‌బీఏ డ్రాఫ్టులో (అమెరికా వృత్తి లీగు జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) రెండో స్థానంలో ఎంపికయ్యాడు. ఆరడుగులూ దాటి ఇంకో అడుగున్నరున్న మనిషి కాబట్టి ఆయన లెక్క వేరనుకోండి. అయినా ఒళ్లు తిరిగి వస్తుంది, తొందరపెడితేనే రాదు. బలం వారానికి రెండుసార్ల సాధనతో చాలావరకు నిలుస్తుంది, దమ్ము మాత్రం కొద్దివారాల్లోనే తగ్గిపోతుంది. కాబట్టి చివరి రెండు నెలలు పొద్దున అరగంటలో పరుగు రోజులు రెండునుంచి మూడుకు పెంచండి. తిరిగివచ్చాక మొదటి రెండు వారాలు పాత సాధనలో సగం, తర్వాత రెండు వారాలు మూడొంతులు, ఆపైన పూర్తి. బౌలర్లు, వాలీబాల్‌లో స్మాష్ కొట్టేవాళ్లు భుజాన్ని లెక్కపెట్టి వాడాలి. మొదటి వారం ముప్పై బంతులు, వారానికి పదేసి పెంపు, రోజు విడిచి రోజు. పాత జట్టు మొదటి ఆదివారమే మ్యాచ్ ఆడమంటుంది, ఆరోవారం వస్తానని చెప్పండి.